తాళం వేశాము, గొళ్ళెం మరిచాము

తాళం వేసి గొళ్ళెం మరచిన సామెత తెలుగువారందరికీ తెలిసినదే. తాళంకప్ప బిగించిన చప్పుడు వినిపిస్తుంది. తాళపుచెవి చేతిలో ఉంటుంది. ఇల్లు భద్రమన్న నిశ్చింత కలుగుతుంది. తలుపు మాత్రం తోస్తే తెరుచుకుంటుంది. నేటి కార్యాలయాల్లో ప్రతి బల్లపైనా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని మనలో అనేకులు దినదినమూ చేస్తున్న పని ఇంచుమించు ఇదే. ఒక సాఫ్ట్‌వేర్‌లో "సైన్ అవుట్" మీట నొక్కి, ఆ ఖాతా నుంచి బయటపడ్డామని నమ్ముతున్నాము. మరొక ఖాతాతో లోనికి వెళ్తున్నామని భావిస్తూ, మళ్ళీ పాత పేరుతోనే ప్రవేశిస్తున్నాము.

ఇది చిన్న అసౌకర్యమే కదా అని మేమూ చాలాకాలం భావించాము. దానివల్ల ఒక యంత్రపు పునాదీ, ఒక యువ ఇంజనీరు సర్వీసు రికార్డూ ప్రమాదపు అంచు దాకా వెళ్ళిన తరువాత మా అభిప్రాయం మార్చుకోక తప్పలేదు. ఆ అనుభవాన్నీ, దాని వెనుకనున్న సాంకేతిక కారణాలనూ, తదుపరి మేము తీసుకున్న జాగ్రత్తలనూ సహోద్యోగుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు సంస్థలు, ఒక ఇంజనీరు

ప్రభుత్వరంగంలో ఒకే అధికారి రెండు సంస్థల పనులు చూడటం సర్వసాధారణం. మాతృసంస్థ వేరొక సంస్థతో కలిసి ఉమ్మడి కంపెనీని నెలకొల్పుతుంది. దానికి ప్రత్యేకంగా సిబ్బంది నియామకం జరిగేలోగా మాతృసంస్థ అధికారులే అదనపు బాధ్యతలు స్వీకరిస్తారు. పూర్వం ఇందుకు రెండు రబ్బరు స్టాంపులు, రెండు రకాల లెటర్‌హెడ్లు ఉంటే సరిపోయేది. నేడు రెండు ఈ-మెయిల్ చిరునామాలు, రెండు సింగిల్ సైన్-ఆన్ ఖాతాలు అవసరమవుతున్నాయి.

సింగిల్ సైన్-ఆన్ అంటే ఏమిటో ఇక్కడ ఒక్క మాటలో చెప్పుకోవాలి. మెయిలు, సెలవు దరఖాస్తు, స్టోర్సు, డ్రాయింగుల భాండాగారం వంటి వాటికి వేర్వేరు పాస్‌వర్డులు అవసరం లేకుండా, ఉదయం ఒక్కచోట మన గుర్తింపును నిరూపించుకుంటే అన్నింటికీ చెల్లుబాటయ్యే ఏర్పాటు అది. ఒక మనిషికి ఒకే ఖాతా ఉన్నంతవరకు దానిని మించిన సౌకర్యం లేదు. చిక్కంతా రెండో ఖాతాతోనే మొదలవుతుంది.

2023 వర్షాకాలంలో మా విభాగానికి చెందిన ఒక యువ ఇంజనీరు డిజైన్ కార్యాలయపు పనితోపాటు ఉమ్మడి కంపెనీ ప్రాజెక్టుకు డ్రాయింగులు విడుదల చేసే బాధ్యత కూడా చూస్తున్నారు. అక్కడ కూలింగ్ వాటర్ పంపులకు పునాదులు వేస్తున్నారు. పంపులు సరఫరా చేసేవారు బేస్ ఫ్రేము కొలతలు మార్చినందువల్ల పునాది బోల్టుల మధ్య దూరం ఒక దిశలో 40 మిల్లీమీటర్లు పెరిగింది. ఆ మార్పుతో రివిజన్ 3 డ్రాయింగు తయారై, తనిఖీ పూర్తయి, ఆమోదం పొందింది. దానిని ఉమ్మడి కంపెనీ భాండాగారంలో ఉంచడం ఒక్కటే మిగిలింది.

సాయంత్రం ఆరు దాటింది. ఆయన డ్రాయింగుల సాఫ్ట్‌వేర్‌లో మాతృసంస్థ ఖాతా నుంచి సైన్ అవుట్ అయ్యారు. తిరిగి సైన్ ఇన్ మీట నొక్కారు. బ్రౌజర్ ఒక్క క్షణం తెరుచుకుని, ప్రవేశం పూర్తయిందనీ ఇక దానిని మూసివేయవచ్చుననీ సందేశం చూపింది. పాస్‌వర్డు అడగలేదు. ఆ మధ్యాహ్నమే ఉమ్మడి కంపెనీ మెయిలు చూసి ఉన్నందున, ఆ ఖాతా సిద్ధంగా ఉండి అడగలేదని ఆయన అనుకున్నారు. తెరపై ఒక మూలన గుండ్రటి గుర్తులో ఆయన పేరులోని రెండు తొలి అక్షరాలు కనిపించాయి. రెండు ఖాతాలలోనూ మనిషి ఒక్కరే, పేరు ఒక్కటే. కనుక ఆ అక్షరాలూ అవే. ప్రాజెక్టు ఫోల్డరు పేరు సైతం రెండు సంస్థలలోనూ ఒక్కటే. డ్రాయింగు లోనికి వెళ్ళింది. పని జరిగినట్లు ఆకుపచ్చ గుర్తు పడింది. ఆయన ఇంటికి వెళ్ళిపోయారు.

డ్రాయింగు చేరింది మాతృసంస్థ భాండాగారానికి. సైటులోనివారికి ఐదు రోజులపాటు రివిజన్ 2 మాత్రమే కనిపించింది. వారు దాని ప్రకారమే కడ్డీలు కట్టారు, బోల్టుల టెంప్లేటు బిగించారు, మరునాడు ఉదయం కాంక్రీటు పోయడానికి సర్వం సిద్ధం చేసుకున్నారు. ఆ ముందునాటి సాయంత్రం అక్కడి సూపర్‌వైజరు ఒకరు స్టోర్సు షెడ్డులో దింపి ఉన్న పంపు బేస్ ఫ్రేమును టేపు పట్టి కొలిచారు. అలా కొలవమని ఆయనను ఎవరూ ఆదేశించలేదు. కాంక్రీటుకు ముందు అసలు యంత్రాన్ని ఒకసారి కొలిచి చూడటం ఆయనకు ఏనాటి నుంచో ఉన్న అలవాటు. 40 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. వెంటనే ఫోను చేశారు. పోత ఆగింది.

ఆ తేడా కాంక్రీటు గట్టిపడిన తరువాత బయటపడి ఉంటే ఏమయ్యేదో సివిల్ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. పునాదిని పగులగొట్టి మళ్ళీ కట్టడానికి వారాలు పట్టేది. ఆ లెక్క అంతా ఒక యువకుని తలపై పడేది.

మా విచారణ

ఈ సంగతి విచారించడానికి ముగ్గురు సభ్యులతో సంఘం ఏర్పాటైంది. ఆ ముగ్గురం మేమే. అప్పటికే ఆ ఇంజనీరుకు సంజాయిషీ కోరుతూ మెమో వెళ్ళింది. మా చేతికి వచ్చిన కంప్యూటరు రికార్డు నిర్ద్వంద్వంగా ఉంది. ఫలానా తేదీన, ఫలానా సమయాన, ఆయన మాతృసంస్థ ఖాతా నుంచే డ్రాయింగు ఎక్కించినట్లు అందులో నమోదై ఉంది. అంతకుముందు ఒక నిమిషంలోపే ఆయన సైన్ అవుట్ అయి, మళ్ళీ అదే ఖాతాతో సైన్ ఇన్ అయినట్లు కూడా ఉంది. ఖాతా మార్చవలసి ఉండగా మార్చలేదని మేము నిర్ణయానికి వచ్చాము. ముసాయిదా నివేదికలో "అజాగ్రత్త" అన్న మాట రాసి ఉంచాము. ఆ ముసాయిదా నాలుగు రోజులు మా బల్లపై ఉండింది.

ఐదవ రోజున ఆయన వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చారు. తన పొరపాటును కాదనలేదు. ఒక్కటే అడిగారు.

"సార్, తప్పు నాదే అయితే తప్పక శిక్షించండి. కానీ నా కంప్యూటరు మీద ఒక ఖాతా నుంచి రెండో ఖాతాలోకి మీరే ఒకసారి మారి చూపించండి."

అదేమంత పని అనుకుని ముగ్గురం వెళ్ళి ఆయన బల్ల ముందు కూర్చున్నాము. మొదటిసారి సైన్ అవుట్ అయి మళ్ళీ సైన్ ఇన్ అయ్యాము. బ్రౌజర్ క్షణకాలం తెరుచుకుంది, మూసుకుంది. ఖాతా వివరాల పుట తెరిచి పూర్తి ఈ-మెయిల్ చిరునామా చదివితే మాతృసంస్థదే. రెండోసారి సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి తెరిచాము. మళ్ళీ అదే. మూడోసారి కంప్యూటరునే ఆపి ప్రారంభించాము. అప్పుడూ అదే. నాలుగోసారి, మాలో కొంత తెలిసినవారు బ్రౌజర్‌లోని కుకీలన్నింటినీ తుడిచివేశారు. ఈసారి తప్పక పేరు అడుగుతుందని ఎదురుచూశాము. అడగలేదు. మాతృసంస్థ ఖాతాతోనే మళ్ళీ తలుపు తెరిచింది.

ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముగ్గురికీ కలిపి ఎన్నో దశాబ్దాల ఇంజనీరింగు అనుభవం ఉంది. ముందే అనుమానంతో, పనిగట్టుకుని, పగటివేళ నాలుగుసార్లు ప్రయత్నించి మేము చేయలేని పనిని, ఏ అనుమానమూ లేకుండా సాయంవేళ ఒక్కసారిలో చేయలేదని ఒక యువకుణ్ణి తప్పుపట్టబోయాము. రికార్డు అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన ఏ ఖాతాలోకి వెళ్ళారో చెప్పిన రికార్డు, ఏ ఖాతాలోకి వెళ్ళాలని కోరారో చెప్పలేదు. ఆ కోరికను యంత్రం అడగనే లేదు కనుక, దానిని నమోదు చేసే ప్రసక్తే లేకపోయింది.

ఆనాడే "అజాగ్రత్త" అన్న మాట కొట్టివేశాము. మెమో ఉపసంహరణకు సిఫారసు చేశాము. అది ఆమోదం పొందింది. ఆ తరువాత అసలు కారణం వెతకడానికి పూనుకున్నాము.

మూడు తలల కావలికుక్క

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, రెండో ఖాతా దగ్గర అది ఎందుకు తడబడుతుందో బోధపడుతుంది.

ఒకే కంప్యూటరును అనేకులు పంచుకునే విధానాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వారివిగా ఉంచడానికి అక్కడ పాస్‌వర్డు వాడుకలోకి వచ్చింది. అదే విద్యాసంస్థలో 1983లో "ప్రాజెక్ట్ అథీనా" ప్రారంభమైంది. ఆవరణలో ఎక్కడ ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా విద్యార్థికి తన ఫైళ్ళు, తన మెయిలు, తన ప్రింటరు అందుబాటులో ఉండాలన్నది ఆ పథకం ఆశయం. దాని కోసం రూపొందినదే "కెర్బెరోస్". గ్రీకు పురాణాలలో పాతాళ ద్వారాన్ని కాచే మూడు తలల కుక్క పేరు అది. నీధమ్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1978లో ప్రతిపాదించిన పద్ధతి దీనికి ఆధారం.

కెర్బెరోస్‌లో పాస్‌వర్డు ప్రతిచోటికీ ప్రయాణించదు. ఉదయం ఒకసారి గుర్తింపు నిరూపించుకుంటే కాలపరిమితి గల ఒక టికెట్ లభిస్తుంది. దానిని చూపి, మెయిలుకు ఒక టికెట్, ప్రింటరుకు ఒక టికెట్ చొప్పున తెచ్చుకోవచ్చు. కెర్బెరోస్ అయిదవ సంచికకు 1993లో ప్రామాణిక పత్రం వెలువడింది. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ వారి కార్యాలయ నెట్‌వర్కులలో ఇదే ప్రధాన పద్ధతి అయింది. అక్కడ మొదటి టికెట్‌కు సాధారణంగా ఉంచే గడువు 10 గంటలు. అంటే దాదాపు ఒక పనిదినం.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ ఏర్పాటంతా ఒక బల్ల, ఒక మనిషి, ఒక పేరు అన్న ఊహపై నిలిచింది. అథీనా విద్యార్థికి రెండు విశ్వవిద్యాలయాలలో సభ్యత్వం ఉండే అవసరం లేదు. ఎం.ఐ.టి. వారి కెర్బెరోస్‌లో ఒకే వ్యక్తికి చెందిన పలు గుర్తింపుల టికెట్లను పక్కపక్కన ఉంచుకుని, ఒకదాని నుంచి మరొకదానికి మారడానికి "కె-స్విచ్" అనే ఆదేశం 2012లో విడుదలైన 1.10 సంచికతో గాని రాలేదు. అంటే తలుపు కనిపెట్టిన పాతికేళ్ళకు గాని, ఇద్దరు యజమానుల వద్ద పనిచేసే మనిషి సంగతి తలపుకు రాలేదన్నమాట.

ఇంటర్నెట్ వచ్చాక ఇదే సూత్రం వెబ్‌కు విస్తరించింది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లి రూపొందించిన కుకీ, వచ్చిన మనిషిని మళ్ళీ గుర్తుపట్టే చిన్న చీటీ వంటిది. సంస్థల మధ్య గుర్తింపును పంచుకునే శామల్ 2.0 ప్రమాణం 2005లో, ఓఆథ్ 2.0 2012లో, దానిపై నిర్మించిన ఓపెన్ ఐడి కనెక్ట్ 2014లో వెలువడ్డాయి. మన దేశంలో ప్రభుత్వ సేవలకు ఒకే ప్రవేశద్వారంగా "మేరీ పెహచాన్" 2022లో ప్రారంభమైంది. ఈ ద్వారాలు విస్తరిస్తున్నకొద్దీ ఒకే మనిషికి ఒకటికి మించిన గుర్తింపులు ఉండటం నేడు మామూలైపోయింది.

మూడు గేట్లు

మేము నాలుగుసార్లు ఎందుకు విఫలమయ్యామో మన కర్మాగారపు గేటు పద్ధతితో పోల్చి చెప్పవచ్చు.

ఒక సందర్శకుడు ప్రధాన గేటు వద్ద పేరు రాయించుకుని పాసు తీసుకుంటాడు. పరిపాలనా భవనం వద్ద ఆ పాసు చూపితే బ్యాడ్జి ఇస్తారు. ఆ బ్యాడ్జి చూపితే ఫలానా విభాగంలోకి వెళ్ళడానికి టోకెను ఇస్తారు. తిరిగి వచ్చేటప్పుడు విభాగం దగ్గర టోకెను మాత్రం ఇచ్చి బయట నిలుచున్నాడనుకుందాం. మెడలో బ్యాడ్జి ఉంది. జేబులో పాసు ఉంది. మళ్ళీ అదే కౌంటరు దగ్గరకు వెళ్ళి వేరొకరి తరఫున వచ్చానని మనసులో అనుకుంటే, గుమాస్తాకు అది ఎలా తెలుస్తుంది? మెడలోని బ్యాడ్జి చూసి, తల ఎత్తకుండానే అదే పేరు మీద టోకెను ఇస్తాడు.

కంప్యూటరులో మూడో అంచెనున్న టోకెను సాఫ్ట్‌వేర్‌ది. మనం "సైన్ అవుట్" నొక్కితే చాలా సాఫ్ట్‌వేర్లు తమ దగ్గర దాచుకున్న ఆ టోకెనును మాత్రమే చెరిపివేస్తాయి. రెండో అంచె బ్రౌజర్. అందులో గుర్తింపు కేంద్రం ఉంచిన కుకీ అలాగే ఉంటుంది. దానిని నిలిపి ఉంచే విధంగా ఏర్పాటు చేసి ఉంటే, కంప్యూటరును ఆపి ప్రారంభించినా అది పోదు. మొదటి అంచె ఆపరేటింగ్ సిస్టం. కంప్యూటరునే సంస్థ ఖాతాకు అనుసంధానం చేసి ఉంచితే, బ్రౌజర్‌లోని కుకీ తుడిచినా గుర్తింపు కేంద్రానికి ఆ యంత్రమే "వీరు ఫలానావారు" అని మళ్ళీ చెబుతుంది. మా నాలుగో ప్రయత్నం అక్కడే భంగపడింది. తాళం వేశాము. గొళ్ళేలు మూడు ఉన్నాయని మాత్రం ఎరుగము.

మేలు కోసం చేసిన మార్పు

ఇదంతా ఎవరో నిర్లక్ష్యంగా చేసిన పనేమీ కాదు. ఒక మంచి మార్పు వెంట వచ్చిన చిక్కు ఇది.

పూర్వం డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు ప్రవేశానికి తమ సొంత గడిని తమ కిటికీలోనే చూపేవి. అందులో ఏ పేరైనా రాయవచ్చు. ఖాతా మార్చడం తేలికగానే ఉండేది. కానీ ఆ గడిలో మనం రాసే పాస్‌వర్డును ఆ సాఫ్ట్‌వేర్ చూడగలదు. అది దుర్బుద్ధితో తయారైనదైతే దొంగిలించగలదు. అందువల్ల ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐ.ఇ.టి.ఎఫ్. సంస్థ 2017 అక్టోబరులో వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 8252 పత్రం, సాఫ్ట్‌వేర్లు ప్రవేశానికి తమ సొంత గడిని వాడరాదనీ, వినియోగదారుని బ్రౌజర్‌నే తెరవాలనీ నిర్దేశించింది. బ్రౌజర్‌లో అప్పటికే ప్రవేశించి ఉంటే మళ్ళీ పాస్‌వర్డు రాయనక్కరలేదన్నది అందులోని మరొక లాభం. ఒక ఖాతా ఉన్నవారికి అది వరమే. రెండు ఖాతాలవారికి ఆ వరమే చిక్కు తెచ్చింది.

విరుగుడు కూడా ప్రమాణాలలోనే ఉంది. 2014 నాటి ఓపెన్ ఐడి కనెక్ట్‌లో, ప్రవేశాన్ని కోరే సాఫ్ట్‌వేర్ తన అభ్యర్థనతో "సెలెక్ట్ అకౌంట్" అన్న సూచనను జతచేయవచ్చు. అప్పుడు గుర్తింపు కేంద్రం చటుక్కున తలుపు తీయకుండా "ఏ ఖాతాతో వెళ్తారు?" అని అడగాలి. "లాగిన్ హింట్" అన్న మరొక సూచనతో ఫలానా చిరునామా కావాలని ముందే చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి వచ్చినప్పుడు గుర్తింపు కేంద్రం నుంచి కూడా బయటపడే విధానానికి 2022లో తుది ప్రమాణం వచ్చింది. అయితే ఇవన్నీ సాఫ్ట్‌వేర్ తయారీదారు పూనుకుని రాస్తేనే పనిచేస్తాయి. మేము వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క మాట లేదు. ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ఒక పునాది పక్కదారి పట్టబోయింది.

మేము తీసుకున్న జాగ్రత్తలు

సమాచార సాంకేతిక విభాగంతో కూర్చుని మేము అమలు చేసిన ఏర్పాట్లు ఇతర యూనిట్లలోని మిత్రులకూ పనికిరావచ్చు.

మొదటిది, నమ్మదగినది: రెండు సంస్థల పని నిత్యం చేసేవారికి ఒకే కంప్యూటరులో రెండు వేర్వేరు విండోస్ యూజరు ఖాతాలు ఇప్పించాము. ఒకదానిలో మాతృసంస్థ, మరొకదానిలో ఉమ్మడి కంపెనీ. ఇందువల్ల మూడు గేట్లూ వేటికవే వేరవుతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాటకు ఇంతకన్నా సూటి పరిష్కారం లేదు. అటూ ఇటూ మారడానికి కొంత సమయం పడుతుంది. అది ఖర్చు కాదు, భద్రత.

రెండోది, అప్పుడప్పుడు మాత్రమే రెండో ఖాతా వాడేవారి కోసం: బ్రౌజర్‌లో రెండు ప్రొఫైళ్ళు ఏర్పరచి, ఒక్కోదానికి ఒక్కో రంగు, సంస్థ పేరు పెట్టించాము. ఒక ప్రొఫైల్‌లోని కుకీలు మరొకదానికి కనిపించవు. అయితే బయటి సాఫ్ట్‌వేర్ తెరిచే పుట సాధారణంగా చివరగా వాడిన ప్రొఫైల్‌లో తెరుచుకుంటుంది. కనుక సైన్ ఇన్ నొక్కే ముందు కావలసిన ప్రొఫైల్ కిటికీని ముందుకు తెచ్చుకోవాలి. తరువాత పూర్తి చిరునామా చదివి నిర్ధారించుకోవాలి.

మూడోది, గుర్తుల విషయం: రెండు ఖాతాలకూ ఒకే అక్షరాలు కనిపించే దురవస్థ తొలగించడానికి, ఉమ్మడి కంపెనీ ఖాతాలన్నింటికీ ఆ కంపెనీ చిహ్నాన్నే బొమ్మగా పెట్టించాము. దీనికి పైసా ఖర్చు కాలేదు. ఎక్కువ మందికి ఉపయోగపడినది మాత్రం ఇదే.

నాలుగోది, తయారీదారుతో ఉత్తరప్రత్యుత్తరాలు: ఖాతా ఎంచుకోమని అడగాలనీ, తెర పైభాగాన సంస్థ పేరు పూర్తిగా చూపాలనీ, "ఈ సాఫ్ట్‌వేర్ నుంచి మాత్రమే" బయటపడుతున్నామా "అన్నిటి నుంచీ" బయటపడుతున్నామా అన్నది స్పష్టం చేయాలనీ కోరాము. ఇకపై సాఫ్ట్‌వేర్ కొనుగోలు టెండర్లలో ఈ మూడింటిని సాంకేతిక నిబంధనలుగా చేర్చాలని సిఫారసు చేశాము. కొన్న తరువాత బతిమాలేకన్నా కొనే ముందు షరతు పెట్టడం మేలు.

ఐదోది, అన్నిటికన్నా పాతది: డ్రాయింగుల ట్రాన్స్‌మిటల్. ఒకప్పుడు ప్రతి డ్రాయింగుతోపాటు ఒక చీటీ వెళ్ళేది. అందుకున్నవారు రివిజన్ సంఖ్య రాసి, సంతకం చేసి, ఒక ప్రతి తిరిగి పంపేవారు. కంప్యూటర్లు వచ్చాక అది వృథా శ్రమగా తోచి మానివేశాము. ఎక్కించినవారి తెరపై ఆకుపచ్చ గుర్తు పడితే చాలనుకున్నాము. పంపినవారికి కనిపించే గుర్తు, అందుకున్నవారి సాక్ష్యం కాజాలదు. ఇప్పుడు ప్రతి రివిజన్‌కూ సైటు నుంచి "రివిజన్ ఫలానా అందింది" అన్న మెయిలు వచ్చేదాకా పని పూర్తయినట్లు లెక్కించడం లేదు.

ఇవిగాక, చేయకూడనివి కూడా ఉన్నాయి. ఖాతా మారడం కష్టంగా ఉందని పక్కవారి కంప్యూటరులో తెరిచి ఉన్న వారి ఖాతాతో పని కానిచ్చుకోవడం, "నా పాస్‌వర్డు ఇదీ, నువ్వే ఎక్కించు" అని కింది ఉద్యోగికి చెప్పడం ఎంతమాత్రం తగదు. ఇవి సాధారణంగా చెడు ఉద్దేశంతో జరిగేవి కావు. పని ఆగకూడదన్న తొందరలో జరుగుతాయి. కానీ రేపు ఏదైనా తేడా వస్తే, రికార్డులో కనిపించే పేరు ఒకరిది, పని చేసిన చెయ్యి మరొకరిది అవుతుంది.

అయితే సింగిల్ సైన్-ఆన్ పద్ధతినే వదిలి, పాత రోజుల్లోలాగా వ్యవస్థకొక పాస్‌వర్డు పెట్టుకోవాలా? అలా వాదించిన మిత్రులూ మాలో లేకపోలేదు. మేము ఏకీభవించలేదు. పాత రోజుల్లో కీబోర్డు కింద అంటించిన చీటీలు మాకింకా గుర్తున్నాయి. ఒక ఉద్యోగి పదవీ విరమణ చేసిన తరువాత, ఏయే వ్యవస్థలలో ఆయన పేరు ఇంకా సజీవంగా ఉందో తెలియక వెతికిన రోజులూ గుర్తున్నాయి. ఒకే ద్వారం ఉంటే ఒకే తాళంతో అన్నీ మూయవచ్చు. ద్వారం ఉండవలసిందే. లోనికి వచ్చే మనిషిని "ఎవరి తరఫున వచ్చారు?" అని అది అడగాలన్నదే మా విన్నపం.

సంతకం విలువ

షిఫ్టు లాగ్‌బుక్కులో రాసే రోజుల్లో ప్రతివారి చేతివ్రాతా ఒక గుర్తింపు. ఎవరు రాశారో పేజీ తిప్పగానే తెలిసేది. పొరపాటున మరొకరి గడిలో రాసినా, అక్షరాలే అసలు మనిషిని పట్టిచ్చేవి. నేడు మన చేతివ్రాత స్థానంలోకి ఖాతా వచ్చింది. దానికి అక్షరాల వంపు లేదు, సిరా రంగు లేదు. ఏ ఖాతా తెరిచి ఉంటే ఆ పేరుతో మన పని శాశ్వతంగా నమోదవుతుంది. ఖాతా మార్చుకోవడమంటే మీట నొక్కడం మాత్రమే కాదు. ఏ హోదాలో, ఏ సంస్థ తరఫున సంతకం చేస్తున్నామో నిశ్చయించుకోవడం. సంతకం చేసే ముందు కాగితం పైభాగాన ఉన్న లెటర్‌హెడ్ చూసుకోవడం మనకు ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో నేర్పిన పాఠమే. తెర ముందు కూడా ఆ పాఠం వర్తిస్తుంది. అయితే చూసుకోవడానికి అక్కడ లెటర్‌హెడ్ అంటూ ఒకటి ఉండాలి. దానిని ఏర్పాటు చేయడం వ్యవస్థను నిర్మించేవారి బాధ్యత, ఆ వ్యవస్థను ఎంపిక చేసి ఉద్యోగి బల్లపై పెట్టే మా వంటివారి బాధ్యత కూడా.

విచారణ సంఘాలలో కూర్చునే సహోద్యోగులకు మా అనుభవం నుంచి ఒక మనవి. యంత్రపు రికార్డు చేతికి వచ్చినప్పుడు నిర్ణయానికి రాకముందు, ఆ ఉద్యోగి కూర్చున్న కుర్చీలో ఒకసారి కూర్చోండి. ఆయన నొక్కిన మీటలే మీరూ నొక్కి చూడండి. మేము ఆ పని ఐదో రోజున, అదీ ఆ యువకుడు అడిగితే చేశాము. మొదటి రోజే చేసి ఉండవలసింది.

ఆ పునాదులు రివిజన్ 3 ప్రకారం పూర్తయి, పంపులు వాటిపై నిలిచాయి. ఆ యువ ఇంజనీరు నేటికీ రెండు సంస్థల పనీ చూస్తున్నారు. ప్రతి డ్రాయింగు పంపాక సైటు నుంచి అందినట్లు జవాబు వచ్చేదాకా కుర్చీ నుంచి లేవరు. ఆ సూపర్‌వైజరు కాంక్రీటుకు ముందు ఇప్పటికీ టేపుతో యంత్రాన్ని కొలుస్తూనే ఉన్నారు. కొలత సరిపోయినప్పుడు కూడా మాకు ఫోను చేసి చెబుతున్నారు.